అడవినిమ్మ: మన పొలిమేరలోని ముండ్లపొద చరిత్ర

నిమ్మకాయ లేని తెలుగువారి వంటశాల యుండదు. పులిహోరకును, ఊరుగాయకును, వేసవి దాహమునకును, గుమ్మమునకు గట్టు దిష్టికిని, గ్రామదేవత మెడలోని దండకును, పెద్దల దర్శనమునకు బోవునపుడు చేత బట్టుకొనుటకును నిమ్మపండే కావలెను. ఏలూరి విపణికి వచ్చు నిమ్మకాయల బస్తాలు దూరదేశములకు ఎగుమతి యగుచున్నవి. ఇంతటి మర్యాద నందిన యీ పండునకు అడవిలో రక్తసంబంధులు కలవనియు, అవి మన పొలిమేరలలోనే ముండ్లపొదలై నిలిచియున్నవనియు నెఱిగినవారు మాత్రము నానాటికి తగ్గిపోవుచున్నారు. అడిగినచో "ఏదో ముండ్లకంప" యని మాట దాటవేయువారే పెక్కుమంది.

ఆ "ఏదో" యను మాటయందే మన యెఱుగమి యంతయు నిమిడియున్నది. ఒక మొక్కకు పేరు పోయినచో దాని గుణమును గూర్చిన తెలివియు పోవును. ఆ తెలివి పోయినచో దానిని నఱకుటకు అడ్డుచెప్పువాడు ఉండడు. అడవినిమ్మ యను ముండ్లపొద చరిత్రను తెలుపుటయు, దానిని పోలిన వానినుండి దానిని వేఱుపఱచి గుర్తించు విధమును చెప్పుటయు, దానివలని ప్రయోజనములను ఎంతవఱకు నమ్మవచ్చునో విమర్శించుటయు మేము తలపెట్టిన పని. ఇందు మేము చెప్పదలచినది యొక్కటే: గుర్తింపు ముందు, ఉపయోగము పిమ్మట, గుర్తింపునకు మూలము ఆ మొక్కతో బ్రదికినవారి నోటిమాట.

మా నిడదవోలు పల్లమునకును మెట్టకును నడుమ గడపవంటిది. దక్షిణముగా తణుకు, పాలకొల్లు, నరసాపురముల వైపు పోయినచో కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు. ఉత్తరముగా చాగల్లు, దేవరపల్లి, గోపాలపురముల వైపు పోయినచో ఎఱ్ఱనేలలు, మెట్టపైరులు, వానికి ఆవల పోలవరపు కొండలు. 1847వ సంవత్సరమున ఆర్థర్ కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట నారంభించి 1852లో ముగించెను. అంతకు మునుపు వానకు ఎదురుచూచుచు, ఏడు తప్పి ఏడు బీడుపడుచుండిన నేలలు ఆ నీటితో మాగాణులైనవి. కఱవుచే చెదరిన కుటుంబములు మఱల నిలదొక్కుకొన్నవి. ఆ మేలును మఱచుట కృతఘ్నత యగును. కాని కాలువ తవ్విన చోటనెల్ల బీడు పోయినది; బీడుతో పొదయు పోయినది; పొదతో దాని పేరును పోయినది. కాలువనీరు ఎక్కని గుట్టలమీదను, చేలగట్లమీదను, దేవుని తోపులందును, పొడి అడవుల అంచులందును నేటికిని మిగిలినవానిలో అడవినిమ్మ యొకటి.

పేరుల మాట వచ్చినది గనుక, ఒక విషయమును ఇచ్చటనే చెప్పవలయును. ఈ యూరికే రెండు పేరులు కలవు. నిరవద్యపుర మను సంస్కృతనామము నిడదవోలిదే యని చరిత్రకారులు చెప్పుదురు. రుద్రమదేవి భర్తయైన వీరభద్రుడు ఇచ్చటి చాళుక్యవంశమువాడు. రాజులకును శాసనములకును ఒక పేరు. రైతునకును, బండివానికిని, నేడు రైలుబండి యెక్కు ప్రయాణికునకును మఱియొక పేరు. శాసనములో నున్నది మాసిపోయినది. జనుల నోటిలో నున్నది నిలిచినది. ఊరిపేరు విషయమున జరిగిన యీ మేలు మొక్కల విషయమున జరుగలేదు.

మన పండితులు మొక్కలను ఉపేక్షించిరని యెవ్వరును అనజాలరు. అమరకోశమున వనౌషధివర్గ మను ఒక వర్గమే కలదు. మేమును చిన్ననాట దానిని వల్లెవేసినవారమే. అందు నిమ్మకు జంబీరము, దంతశఠము మొదలగు పర్యాయములు కలవు. పండ్లు పులియజేయునది గనుక దంతశఠ మను పేరు మిక్కిలి సార్థకము. కాని ఆ వర్గముననే జంబీరశబ్దము మఱియొక చోట మరువమునకును పర్యాయముగా చెప్పబడినది. మరువమునకును నిమ్మకును వాసన యుండుట తప్ప మఱి యే పోలికయు లేదు. ఆకు ఎట్లుండును, ముల్లు ఎచ్చట పుట్టును, పూవునకు ఱేకులెన్ని, కాయలో గింజలెన్ని యను లక్షణములు కోశకారుడు చెప్పలేదు; చెప్పుట కోశకారుని పనియును కాదు. గురువు వనమునకు తీసికొనిపోయి చూపునని ఆతడు నమ్మెను. కాలక్రమమున గురువు వనమునకు పోవుట మానెను. శిష్యుడు శ్లోకమును మాత్రము పట్టుకొనెను. పదము మిగిలినది, పదార్థము జాఱిపోయినది.

పేరులు ఎంతదూరము పోగలవో నారింజ శబ్దమే సాక్ష్యము. దక్షిణదేశపు భాషలలో పుట్టిన పదము సంస్కృతమున నారంగమై, పారసీకమున నారంగై, అరబ్బీలో నారంజై, స్పెయిను దేశమున నరంజయై, తుదకు ఆంగ్లేయుల ఆరెంజి యైనదని భాషాశాస్త్రజ్ఞులు పలువురు తలంతురు. తోటలోని పండునకు ఇంతటి యాత్ర లభించినది. బీటిలోని దాని చుట్టమునకు మాత్రము పొరుగూరి వఱకైనను పేరు పోలేదు.

ఆ పేరును పట్టుకొని కాగితముపై నిలిపిన వాడు మనవాడు కాడు. విలియం రాక్స్‌బరో యను స్కాట్లండు దేశపు వైద్యుడు 1776లో కుంఫిణీవారి కొలువున చెన్నపట్నమునకు వచ్చి, 1781 మొదలు సామర్లకోటలో నివసించెను. ఆతనికి ఒప్పగించిన పని సిపాయిల చికిత్స. ఆతని మనస్సు లగ్నమైనది మొక్కలయందు. సామర్లకోటలో ఆతడు మిరియపు తోట వేయించెను. నీలిమందు చేయు విధములను పరీక్షించెను. ఎండవానల లెక్కలు వ్రాసెను. 1787లో వచ్చిన తుపాను వఱదలో, అంతవఱకు కూర్చిన గ్రంథములును కాగితములును పోయినవి. మఱియొకడైనచో విసిగి స్వదేశమునకు మరలియుండును. ఆతడు మఱల మొదటినుండి ప్రారంభించెను. 1789లో కుంఫిణీవారు ఆతనిని తమ వృక్షశాస్త్రజ్ఞునిగా నియమించిరి. 1793లో ఆతడు కలకత్తా ఉద్యానమునకు అధికారియై వెడలిపోవునాటికి, ఈ గోదావరీ ప్రాంతపు మొక్కలు వందలకొలది ఆతని చిత్రములలో నెక్కియుండెను.

ఆ చిత్రములను వ్రాసినవారు ఈ దేశపు చిత్రకారులు. మొక్కలను అడవినుండి తెచ్చి పేరులు చెప్పినవారు ఈ దేశపు జనులు. వారి పేరులు ఆ గ్రంథపు ముఖపత్రమున లేవు. రాక్స్‌బరో లండనునకు పంపిన చిత్రములలో మున్నూటిని సర్ జోసెఫ్ బ్యాంక్సు ఎన్నుకొనగా, కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన మహాగ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా వెలువడినది. దాని మొదటి సంపుటముననే మన అడవినిమ్మ చిత్రమును, దాని చుట్టమైన తొఱ్ఱెలగ చిత్రమును కలవు. రెండవ సంపుటమున కొండకసింద కలదు. ప్రతి మొక్కకును లాటిను పేరుతోపాటు తెలుగువారు పిలుచు పేరును చేర్చుట రాక్స్‌బరో పాటించిన నియమము. అంతేకాదు, సండ్రచెట్టు పేరును ఆతడు ఆ చెట్టు శాస్త్రనామముననే ఇమిడ్చెను. సోమిదచెట్టు పేరు తరువాతివారిచే సొయ్‌మిడా యను శాస్త్రనామమైనది. తెలుగు కట్టెలవాని పలుకు ఐరోపా విద్వాంసుల లాటినులో స్థిరపడిన దనిన, అది చిన్న గౌరవము కాదు.

అయినను ఆతనిని దేవతగా నిలుపుట మా యుద్దేశము కాదు. ఆతని కొలువు వర్తకపు కుంఫిణీది. మొక్కల లెక్క వెనుక లాభపు లెక్కయు నుండెను. కాని యేది యే మొక్కయో చూచి, విఱిచి, నోట నమిలి, గీయించి, అడిగి వ్రాసిన యా పద్ధతి మనము నేర్వదగినది. ఆతని తరువాత 1852లో వెలువడిన బ్రౌను దొర నిఘంటువు మొక్కల పేరులకు పలుచోట్ల రాక్స్‌బరోనే ప్రమాణముగా చూపినది. ఉత్తర సర్కారుల కమీషనరుగా నుండిన వాల్టర్ ఎలియట్ తెలుగు జిల్లాలలోని మొక్కల పేరులను అకారాదిగా కూర్చి, 'ఫ్లోరా ఆంధ్రికా' యను గ్రంథమును 1859లో చెన్నపట్నమున ప్రకటించెను. తెలుగు మొక్కల పేరులకు తొలి పెద్ద పట్టిక, చదువుకొన్న తెలుగువాని చేత గాక, పరదేశపు అధికారి చేత వెలువడవలసి వచ్చెను. మన పండితులకు తెలివి కొఱవడి కాదు, గొఱ్ఱెలకాపరిని, యానాదిని, కోయవానిని "ఇది యేమి మొక్క?" అని యడుగుట తమ స్థాయికి తగదని తలచుటచేత.

ఇక శాస్త్రనామపు సంగతి. మొదట దీనిని లిమోనియా కుటుంబములో నుంచి, ఒంటి ఆకు గలది యను నర్థమున మోనోఫిల్లా యనిరి. 1805లో కొఱియా యను పోర్చుగీసు విద్వాంసుడు అటలాంటియా యను ప్రత్యేక జాతి నేర్పఱచెను. 1824లో డికాండోలు దీనిని ఆ జాతిలో చేర్చెను. బంగారుపండ్లకు ఆశపడి పందెమున ఓడిన గ్రీకు పురాణకన్య అటలాంటా పేరది. 1943లో వాల్టర్ స్వింగిల్ యను అమెరికా శాస్త్రజ్ఞుడు నిమ్మ, నారింజ మొదలగువాని వంశవృక్షమును కూర్చినపుడు దీనిని నిజమైన నిమ్మలకు మిక్కిలి చేరువనున్న తెగలో నిలిపెను. మన పసులకాపరి ఏ సూక్ష్మదర్శినియు లేకయే దీనిని చూచి "అడవినిమ్మ" యని ఆ చుట్టఱికమును అంతకు బహుకాలము మునుపే చెప్పియుండెను.

దీనిని గుర్తించు విధమును క్రమముగా చెప్పుదుము. పాఠకులు ఆకును చేతబట్టుకొని చదివినచో మేలు.

మొదట ఆకును సూర్యునికి ఎదురుగా పట్టి చూడవలయును. సూదితో గ్రుచ్చినట్లు సన్నని చుక్కలు వెలుతురును లోనికి విడుచును. ఇవి తైలగ్రంథులు. నిమ్మ, నారింజ, దబ్బ, మారేడు, వెలగ, కరివేప మున్నగు ఆ కుటుంబమువాని యాకులకు నీ చుక్కలు లక్షణము. రెండవది, ఆకును నలిపి వాసన చూడవలయును, నిమ్మవాసన తెలియును. మూడవది, ముల్లు ఎచ్చటనున్నదో చూడవలయును. అడవినిమ్మకు ఆకు కొమ్మను కలియు పంగలో నిటారుగా ఒంటిముల్లు మొలచును. ఒక్కొక్క పొదకు ముండ్లు విరివిగా నుండును, ఒక్కొక్క దానికి అరుదుగా నుండును. కావున ముల్లొక్కటే చూచి నిర్ణయింపరాదు. నాలుగవది, ఆకు ఒంటిది. దళసరిగా, నునుపుగా నుండి, కొన చాలవఱకు చిన్న నొక్కుపడి యుండును. ఐదవది, పూవు తెల్లనిది, సువాసన గలది, ఆకుపంగలలో గుత్తులుగా పూయును. దాని కేసరములు ఎనిమిదియు అడుగున కలిసి గొట్టమువలె నేర్పడును. తుదకు కాయ: చిఱునిమ్మవలె గుండ్రముగా, గోలికాయను మించిన పరిమాణమున నుండి, ఆకుపచ్చనుండి పసుపునకు తిరుగును. కోసి చూచినచో నిమ్మవలెనే తొనలు కనబడును. కాని రసము కొంచెము, గింజ పెద్దది.

దీనితో పొరబడుటకు వీలున్నవి కొన్ని కలవు. బలుసుపొదకును ముండ్లు కలవు; కాని దాని యాకులును ముండ్లును ఎదురెదురుగా జంటలై యుండును, ఆకున తైలపు చుక్కలు లేవు. వాక్కాయపొదను గిల్లినచో పాలు కాఱును. నిమ్మ కుటుంబమున పాలుండవు. ఈ రెండును పరులు. చుట్టములలో పొరబడదగినవి మఱి రెండు. తొఱ్ఱెలగ లేక కుక్కవెలగ యనునదానికి ఒక్కొక్క యీనెపై ఐదో ఏడో చిఱుటాకులుండును. ఆ యీనెకు ఇరుప్రక్కల ఱెక్కవంటి పచ్చని అంచు సాగును. కాయ బఠాణీగింజంత మాత్రమే. కొండకసింద ప్రాకెడు తీగపొద, మూడేసి యాకులు, కాండమునకు, ఆకు వెన్నునకు సైతము కొక్కెములవంటి చిన్నముండ్లు, కాయ చిఱునారింజవలె పసుపుటెఱుపు, నమిలినచో మిరియపు కారము, వేరు కోసినచో పసుపు. ఇవి మూడును తెలిసినవాడు పొదను చూచి "ఏదో ముండ్లకంప" యని యనడు.

ఇక ప్రయోజనములు. అడవినిమ్మ కాయలను ఊరవేయుదురు. పండ్లనుండి తీసిన తైలమును కీళ్ళనొప్పులకును పక్షవాతమునకును పైపూతగా వాడుచుండిరని పందొమ్మిదవ శతాబ్దపు ద్రవ్యగుణగ్రంథములు చెప్పినవి. అది వాడుకను తెలుపు సాక్ష్యమే కాని గుణమును నిరూపించు సాక్ష్యము కాదు. దీని కఱ్ఱ పసుపువన్నె గలది, గట్టిది, సన్ననిపొర గలది. చెక్కడపు పనికి విదేశపు బాక్సు కఱ్ఱకు బదులుగా పనికివచ్చునని కలపశాస్త్రజ్ఞులు గుర్తించిరి. ముండ్లుండుటచే కంచెకు మిక్కిలి యనుకూలము. నల్లని ఱెక్కలపై నీలపుటంచు గల పెద్ద సీతాకోకచిలుకకు దీని యాకు బిడ్డల కూడు. పొద పోయినచో ఆ చిలుకయు తగ్గును. నిమ్మతోటలకు తెగుళ్ళు ముదురుచున్న యీ కాలమున, తోటనిమ్మలకు లేని యోర్పు అడవి చుట్టములలో దొరకునేమో యని వానిపై అంటుకట్టి చూచుటయు శాస్త్రజ్ఞుల ప్రయత్నములలో నొకటి.

కుక్కవెలగ కథ మఱింత చిత్రమైనది. మన భాషలో కుక్క, అడవి, పిచ్చి, దొంగ యను విశేషణములను మొక్కకు చేర్చితిమనిన, అది మనకు పనికిరానిదని తీర్పు చెప్పితిమన్నమాట. ఈ చెట్టే బర్మాదేశమున తనకా. దాని కొమ్మను పలుచని ఱాతిపై నీటితో అఱగదీసి, వచ్చిన గంధమును ఆ దేశపు స్త్రీలును పిల్లలును మొగమునకు పూసికొందురు. ఎండ సోకకుండుటకును, చర్మము చల్లబడుటకును, సౌందర్యమునకును అది వారికి నిత్యావసరము. ఎండలోని హానికరమైన కిరణములను పీల్చు పదార్థము దాని బెరడున కలదని ఇటీవలి పరీక్షలును తెలిపినవి. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి కాకినాడ, విశాఖపట్టణము రేవులలో పొగయోడలెక్కి వేలకొలది తెలుగు కూలీలు రంగూనునకు పోయిరి. కోరంగి రేవు పేరిట అచ్చట వారిని కోరంగివారనిరి. 1930 మే నెలలో రంగూను రేవులో జరిగిన అల్లర్లలో వారు దెబ్బలు తినిరి. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించినపుడు బ్రదికి బయటపడిన వారు అడవులవెంట నడచి స్వదేశమునకు చేరిరి. రంగూను అంగడులలో తనకా ముక్కలను చూడని కోరంగివాడు ఉండడు. తమ యూరి గుట్టమీది కుక్కవెలగయు ఇదియు ఒక్కటే యని వారికి చెప్పినవా డెవడు? చదువుకొన్నవాడు మొక్కను చూడలేదు. మొక్కను చూచినవానికి చదువు లేదు. ఈ రెంటికి నడుమ ఒక పరిశ్రమయే పుట్టక పోయినది.

కొండకసింద కథలో మేలును కలదు, హెచ్చరికయు కలదు. దీని వేరుపై పచ్చిబెరడును తెలుగు వైద్యులు మన్యపుజ్వరమునకు ఇచ్చుచుండిరని రాక్స్‌బరోయే వ్రాసియున్నాడు. దీని వేరు లోపెజ్ వేరను పేర ఐరోపా మందులదుకాణములలో ఒకప్పుడు అమ్ముడుపోయినది. 1868 నాటి భారతదేశపు ఔషధసంహితలోను దానికి చోటు లభించినది. 1995లో కెన్యాదేశపు నాటుమందును పరిశోధించినవారు ఈ మొక్కనుండియే తీసిన నిటిడీను అను క్షారము మలేరియా క్రిమిపై ప్రయోగశాలలో తీక్ష్ణముగా పనిచేసినదని ప్రకటించిరి. గాజుగొట్టములో పనిచేసినదెల్ల మనుష్యదేహమున మందు కాదు. జ్వరము వచ్చినవాడు వైద్యుని చూడవలసినదే. అయినను మన్యపు వైద్యుని మాట వట్టి మూఢవిశ్వాసమని త్రోసివేయుటకు వీలులేదని యీ పరిశోధన చూపినది.

హెచ్చరిక యేమనగా: కసింద వేఱు, కొండకసింద వేఱు. కసింద యనునది సంస్కృతపు కాసమర్దము, రోడ్లప్రక్కల పసుపుపూలు పూచి, పొడవుకాయలు కాయునది, ముల్లు లేదు, నిమ్మ కుటుంబముతో సంబంధమే లేదు. దాని గింజలు తిన్న పసిబిడ్డలు పశ్చిమ ఉత్తరప్రదేశమున కాలేయమును మెదడును చెడి మరణించిరని ఈ శతాబ్దారంభమున జరిగిన పరిశోధనలు తేల్చినవి. అంతకుముందు ఏండ్లతరబడి ఆ వ్యాధిని అంటువ్యాధిగా తలచిరి. ఒక్క "కొండ" యను మాట తొలగినచో మందు విషముగా మాఱును. పేరు మాత్రము చూచి మూలికలు కొనువారును, ఎవరో పంపిన సందేశమును నమ్మి ఆకు నూఱి త్రాగువారును నేడు మిక్కుటముగా నున్నారు. పట్టణపు టంగడిలో పొడిచేసి సంచిలో కట్టిన మూలికకు ముల్లును లేదు, ఆకును లేదు, పూవును లేదు. అమ్మువాడు చెప్పినదే పేరు. అట్టివానిని గుర్తించుట మహావైద్యునికిని కష్టము. కావుననే గుర్తింపు ముందు, ఉపయోగము పిమ్మట యని మేము పదేపదే చెప్పుచున్నాము.

ఇచ్చట కొందఱు ఆక్షేపింపవచ్చును: "తోటలో మేలైన నిమ్మ కాయుచుండగా అడవిలోని పులుపులేని ముండ్లకాయతో పనియేమి? బీడు మాగాణి యగుటయే దేశమునకు మేలు గదా?" మాగాణి వలదని మేమనుట లేదు; అన్నము తినువాడెవడును అనజాలడు. కాని తోటనిమ్మ పుట్టినది ఎచ్చట? తొలి మానవుడు ఏదో యొక ముండ్లపొద కాయను రుచిచూచి, ముల్లు నోర్చి, గింజ నాటినందుననే గదా నేడు మన విస్తరిలో నిమ్మబద్ద యున్నది. అడవియే తోటకు తల్లి. కూతురింట సుఖముగా నున్నవాడు అత్తగారి పేరును మఱచిపోయినట్లున్నది మన స్థితి. మఱియొక మాట: ఆ పొదకు విలువ లేదని తీర్పు చెప్పుటకైనను ముందు అది యేదియో తెలియవలయును గదా! తెలియనిదానికి విలువకట్టు న్యాయాధిపతి ఏ న్యాయస్థానముననైనను కలడా?

కొందఱు "ఈ సంగతులన్నియు పుస్తకములలో నున్నవి గదా" యందురు. ఉన్నవి. గ్యాంబుల్ దొర చెన్నరాజధాని మొక్కలను గూర్చిన గ్రంథమును 1915 మొదలు వెలువరించెను. తరువాత మన విశ్వవిద్యాలయములవారును జిల్లాలవారీగా గ్రంథములు వ్రాసిరి. కాని యవి చాలవఱకు ఆంగ్లమున నున్నవి. పల్లెలోని బాలునకు దూరము. బాలునికి చేరువలోనున్న పాఠ్యపుస్తకమున పూవు భాగములు చూపుటకు మందారమే, ఎడారిమొక్కకు బ్రహ్మజెముడే. వాని బడి వెనుక గట్టున నున్న పొద యేదో అందు లేదు. మా విద్యార్థులను పొలముగట్లకు తీసికొనిపోయినపుడు మేము చూచినదేమనగా, ఉద్యోగస్థుల బిడ్డలకు నాలుగు మొక్కల పేరులు తెలిసినచోట, మేకలు కాచు ఇంటి బిడ్డకు నలువది తెలిసియుండెను. పరీక్షలో మార్కులు మాత్రము మొదటివానికే వచ్చును. ఆ నలువది పేరులను లెక్కకు తీసికొనని చదువు సగము చదువే.

చేయదగిన పని కష్టమైనది కాదు. ప్రతి యున్నత పాఠశాలలోను ఒక పెద్ద పుస్తకము పెట్టవలయును. అందు ఒక్కొక్క పుటకు ఒక్కొక్క మొక్క. కాగితముల నడుమ నొక్కి ఆరబెట్టిన కొమ్మ, ఆకుతోను, పూవుతోను, వీలైనచో కాయతోను. దాని ప్రక్కన అది దొరకిన చోటు, తేదీ. ఆ యూరివారు పిలుచు పేరు యథాతథముగా, పండితులు దిద్దకుండ. ఏ పనికి వాడుదురో వారి మాటలలోనే. తరువాత శాస్త్రము నెఱిగినవారు దాని శాస్త్రనామమును చేర్తురు. ఏ పేరుకైనను కొమ్మ సాక్ష్యముగా నున్నపుడు జంబీరము నిమ్మయా మరువమా యను తగవు పుట్టదు; కసిందను కొండకసింద యని పొరబడుటయు నుండదు. చెప్పినవారు ఒప్పుకొన్నచో వారి పేరును వ్రాయవలయును. రాక్స్‌బరో గ్రంథమున లేక పోయిన ఆ పేరులకు మన పుస్తకములోనైనను చోటు దొరకవలెను.

2022లో జిల్లాలను మార్చినపుడు నిడదవోలు పశ్చిమగోదావరినుండి తూర్పుగోదావరి జిల్లాలోనికి వచ్చినది. కాగితములపై ఊరు ఒక జిల్లానుండి మఱియొక జిల్లాకు ఒక్క దినమున మాఱగలదు. గట్టుమీది పొద అట్లు మాఱదు. ఒక్కసారి త్రవ్వివేసినచో మఱి రాదు. దాని పేరు తెలిసిన ముసలివారు నేడు ప్రతి యూరను ఒకరిద్దఱు మిగిలియున్నారు. వారి యొద్దకు పోవుటకు గ్రంథాలయమక్కరలేదు, ధనసహాయమక్కరలేదు, చెప్పులు తొడిగికొని ఒక సాయంకాలము నడచి, ఒక ఆకును చూపి, "తాతా, దీనిపేరేమి?" యని వినయముగా అడిగిన చాలును.